బుజ్జికి తోడు

అరవై ఆరేళ్లు నిండిన తరవాత మనిషి కొత్తగా నేర్చుకునేది ఏముంటుందిలే అనుకునేవాణ్ణి. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. ఇద్దరాడపిల్లలకి పెళ్లిళ్లు చేశాను. బెజవాడ ఎండలన్నీ నెత్తిన మోశాను. ఇంకా ఏం కావాలి? తీరా చూస్తే, అరచేతిలో పట్టే కుక్కపిల్లని ఎల్లా ఎంచుకోవాలో నాకు తెలియదని తేలింది. ఆ తెలియకపోవడానికి మూల్యం నేనొక్కణ్ణే చెల్లించుకుని ఉంటే ఈ కథ ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నోరులేని ప్రాణి చెల్లించింది గనక చెబుతున్నాను.

మా యింట్లో రెండు కుక్కలుండేవి. రాజా పెద్దవాడు. బుజ్జి వాడికంటే ఆరేళ్లు చిన్నది. రెండూ తెల్లగా, బొచ్చుగా, ముల్లు మూతుల్తో ఉండేవి. మా వీధిలో అందరూ వాటిని పామరేనియన్లనేవారు, మేమూ అల్లాగే అనేవాళ్లం. అసలు పామరేనియన్ అన్నది బొమ్మంత కుక్కట. మూడు కిలోలు దాటితే ఎక్కువట. మా బుజ్జి తొమ్మిది కిలోలు. దాని జాతి ఇండియన్ స్పిట్జ్ అని పశువుల డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. ఎనిమిదేళ్లు పెంచిన దాని జాతే తెలియనివాడు కొత్తదాన్ని ఏం ఎంచుకుంటాడు? ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

కిందటేడు మాఘమాసంలో రాజా పోయాడు. పధ్నాలుగేళ్ల వాడు, నిండా బతికినట్టే. మేము ఏడ్చాం, సర్దుకున్నాం. బుజ్జి మాత్రం సర్దుకోలేదు. అన్నం గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోయేది. రాజా పడుకునే గోనెపట్టా మీద పడుకునేది కాదు, దాని పక్కన నేలమీద పడుకునేది. సాయంత్రం ఆరింటికి గొలుసు చప్పుడైతే గుమ్మంలోకి ఉరికి, వెనక్కి తిరిగి చూసి, రెండోవాడు రాలేదని ఆగిపోయేది.

"కుక్కలకి అంత దిగులుంటుందా మాష్టారూ! అంతా మనం అనుకోవడం" అన్నారు పక్కింటి ప్లీడరుగారు. ఉంటుంది కాబోలు. 2022లో ఇటలీ దేశంలో శాస్త్రజ్ఞులు, రెండు కుక్కల్లో ఒకటి పోయిన 426 మంది యజమానుల్ని అడిగి చూస్తే, ఎక్కువమంది మిగిలిన కుక్క ఆడుకోవడం తగ్గించిందనీ, మనుషుల్ని వదలకుండా తిరిగిందనీ చెప్పారట. ఆ సంగతి మా పెద్దమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. మా ఆవిడ విని, "ఇటలీ దాకా ఎందుకే, మా వంటింట్లోకి వచ్చి చూస్తే చాలదూ!" అంది.

ఆ రాత్రే ఆవిడ ప్రస్తావన తెచ్చింది.

"ఏమండీ, దానికి ఓ తోడు తెచ్చిపెడదామా?"

"తెద్దాం. కానీ ఈ వయస్సులో పెద్ద కుక్కని నేను పట్టలేను సుమా! మేడమెట్లు దిగేటప్పుడు అది ఒక లాగు లాగితే నేను మెట్లన్నీ ఒక్కసారే దిగుతాను."

"పెద్దది ఎవరడిగారు? చిన్నదే. ఒళ్లో పట్టేది."

చూశారూ, తోడు కావలసింది బుజ్జికి. ఒళ్లో పట్టవలసింది మాకు. ఆ తేడా ఇద్దరిలో ఎవరికీ ఆ పూట తట్టలేదు.

మర్నాటి సాయంత్రమే బయల్దేరాం. ఆ దుకాణం పేరు చెప్పను, వీధి పేరూ చెప్పను. అద్దాల పెట్టెల్లో కుక్కపిల్లలు ఉన్నాయి. దుకాణదారు ఒక పిల్లని తీసి మా ఆవిడ అరచేతిలో పెట్టాడు. దూదిపింజలా ఉంది.

"టీకప్పు రకమండీ. ఎంత పెరిగినా కప్పులో పట్టేస్తుంది" అన్నాడు.

"కప్పులో టీ పట్టాలిగానీ, కుక్క పట్టడమేమిటి నాయనా!" అంటూనే మా ఆవిడ దాన్ని చీరకొంగులో చుట్టుకుంది. అంతే, బేరం అయిపోయిందని దుకాణదారుకి తెలిసిపోయింది. పాతికవేలన్నాడు, ఇరవైరెండుకి దిగాడు. వయస్సు రెండు నెలలన్నాడు. సూదిమందు వేయించామన్నాడు. కార్డేదంటే రేపు ఇస్తానన్నాడు. తల్లి ఏదంటే బెంగుళూరులో ఉందన్నాడు. నేను ఒక్క ప్రశ్నకీ జవాబు రాబట్టకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. పిల్లాడు లెక్కలో ఒక మెట్టు వదిలేస్తే సున్నా వేసే మాష్టర్ని నేను!

నిజం చెప్పాలంటే నాకు అనుమానం రాలేదని కాదు. పెట్టెలో ఓ మూల నీళ్ల విరేచనం కనిపించింది. పిల్ల పొట్ట ఉబ్బి, వీపు ఎముకలు తేలి ఉన్నాయి. "పాపం, ఇక్కడే ఉంటే ఏమైపోతుందో" అంది మా ఆవిడ. నాకూ అల్లాగే అనిపించింది. జాలిపడి కొన్నాం.

దానికి పండు అని పేరు పెట్టాం. మొదటి రెండు రోజులూ ఇల్లంతా పండగే. మూడోనాడు పొద్దున్న పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతి. రాత్రికి నెత్తుటి విరేచనం. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆ అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర ఆరో తరగతి లెక్కలు చదువుకుంది. పిల్లని బల్లమీద పెట్టి, నోరు తెరిచి చూసి, పరీక్ష చేసి, "పార్వో, మాస్టారూ" అంది.

మూడు రోజులు సెలైను ఎక్కించారు. ఏం కక్కినా, ఏం పోయినా ఆ గుప్పెడు ఒంట్లోంచే పోవాలి. నీళ్లు పోయాయి, ఒంట్లో చక్కెర పడిపోయింది. ఆరోనాడు తెల్లవారుఝామున పోయింది. మా ఆవిడ చేతిలోనే పోయింది.

ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు. నేను డాక్టరమ్మ దగ్గర కూచుండిపోయాను. కాసేపు ఆగి ఆ అమ్మాయి మెల్లిగా అంది:

"మాస్టారూ, దీని పళ్లు చూస్తే ఐదు వారాలు దాటితే గొప్ప. రెండు నెలలని ఎల్లా నమ్మారు? లెక్కలు చెప్పినవారు మీరే కదా!"

నేను తల వంచుకున్నాను. అంతకు ముందు ఎవరిముందూ అల్లా వంచుకోలేదు. ఆనాడు ఆ అమ్మాయి చెప్పినదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎవరికైనా పనికి వస్తుంది.

పార్వో అన్న వైరసు కుక్కల్లో 1978 ప్రాంతంలో బయటపడింది. రెండేళ్లు తిరక్కుండా ప్రపంచమంతా పాకింది. మనుషులకి దానివల్ల ఏమీ కాదు. పెద్ద కుక్కకి టీకాలు సరిగా పడితే దానికీ భయం లేదు. మా బుజ్జి అందువల్లనే బతికిపోయింది. పిల్లలకే ప్రాణాంతకం. ఒంట్లో ప్రవేశించాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులకి బయటపడుతుంది. అంటే మా పండు ఆ జబ్బుని ఆ అద్దాల పెట్టెలోంచే తెచ్చుకున్నదన్న మాట.

పుట్టిన పిల్లకి తల్లి పాలవల్ల కొంత రక్షణ ఉంటుంది. అది తరుగుతూ వస్తుంది. అది ఉన్నంతకాలం టీకా పనిచెయ్యకుండా అడ్డుతుంది. ఏ పిల్లకి ఏ వారంలో తరిగిపోతుందో పైకి తెలియదు. అంచేత ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూ పోవాలి. ఒక్క సూది వేయించామన్న మాటకి అర్థమేమీ లేదు. ఏ తారీఖున, ఏ మందు, ఏ డాక్టరు వేశారో కార్డు మీద ఉండాలి.

"టీకప్పు అన్న జాతి ఏదీ లేదు మాస్టారూ. అది వ్యాపారపు మాట" అంది డాక్టరమ్మ. "మరీ చిన్నవాటిని జతకట్టించో, ఎదగని పిల్లనో, తల్లినుంచి ముందుగా తీసేసిన పిల్లనో ఆ పేరుతో అమ్ముతారు. ఎనిమిది వారాలు నిండనిదాన్ని అమ్మకూడదని నిబంధన ఉంది."

నిజమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో కేంద్రప్రభుత్వం కుక్కల పెంపకానికీ, అమ్మకానికీ నిబంధనలు చేసింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టరు చేయించుకోవాలి. ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. నేను ఆ కాగితం అడిగి ఉంటే ఆ దుకాణంలో బేరం అక్కడే తెగిపోయేది.

"జాలిపడి కొన్నాం అమ్మా" అన్నాను.

"మీరు కొన్న మర్నాడే ఆ ఖాళీ పెట్టెలోకి ఇంకోటి వచ్చి ఉంటుంది మాస్టారూ" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇంటికి వచ్చి పండు పడుకున్న గుడ్డలన్నీ తగలబెట్టాం. పార్వో క్రిమి నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మట్టిలోనైతే ఏడాది కూడా ఉండగలదు. మామూలు సబ్బుకి చావదు. బ్లీచింగు నీళ్లకి చస్తుంది. గచ్చంతా, గిన్నెలూ, మెట్లూ కడిగాం. ఇంట్లో వాసనకి బుజ్జి తుమ్ముతూ డాబా ఎక్కి కూచునేది. ఆర్నెల్లు ఏ పిల్లనీ ఇంట్లో అడుగుపెట్టనివ్వద్దంది డాక్టరమ్మ.

"ఇంక నాకు వద్దేవద్దు" అంది మా ఆవిడ. నేనూ బలవంతపెట్టలేదు. కానీ బుజ్జి అల్లాగే ఉంది. ఆర్నెల్లలో కిలో తగ్గింది. పరీక్ష చేస్తే రోగమేమీ లేదన్నారు. చివరికి మా ఆవిడే ఒకనాడు అన్నం కలుపుతూ, గోడవైపు తిరిగి అంది: "ఈసారి మీరు లెక్క ప్రకారం చెయ్యండి."

లెక్క ప్రకారమే చేశాను. ముందుగా డాక్టరమ్మని అడిగింది ఒకటే ప్రశ్న: మా బుజ్జికి తోడు కావాలా, వద్దా? ఆ ప్రశ్న మొదటిసారి ఎవరూ అడగలేదు. బుజ్జికి ఎనిమిదేళ్లు. కీళ్లనొప్పులు లేవు, చూపు బాగుంది, బజారులో చిన్న కుక్కలు కనిపిస్తే తోక ఊపుతుంది. పక్కవీధి వారి కుక్కని రెండుసార్లు డాబామీదికి రప్పించి చూశాం. ఆడుకోలేదు గాని, అది వెళ్లేదాకా దాని వెనకాలే తిరిగింది. "అయితే తెచ్చుకోండి. ముసలిదై, నొప్పులతో ఉంటే వద్దనేదాన్ని. పిల్ల పళ్లతో కొరుకుతూ ఉంటే దానికి నరకం" అంది డాక్టరమ్మ. బుజ్జి ఆడది గనక మగపిల్ల అయితే పొత్తు కుదిరే అవకాశం ఎక్కువన్నది కూడా చెప్పింది.

ఇక జాతి. పగ్గు బాగుంటుందని మా చిన్నల్లుడు. దాని మూతి అణగిపోయి ఉంటుంది. కుక్క ఒగర్చి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ముక్కు సరిగా లేనిది బెజవాడ రోహిణికార్తెలో ఏం ఒగరుస్తుంది? వద్దన్నాను. చివరికి చివావా దగ్గర తేలాం. పొట్టి బొచ్చు, మూతి మరీ అణగినది కాదు, పెద్దయితే మూడు కిలోల లోపు. చివావా అన్నది మెక్సికో దేశంలో ఒక రాష్ట్రం పేరు. "చీవాట్లా! అదేం జాతి మాష్టారూ?" అన్నారు ప్లీడరుగారు. "అవి నేను ఇదివరకే తిన్నాను లెండి" అన్నాను.

ఏలూరులో ఒకావిడ ఆ జాతిని ఇంట్లో పెంచుతున్నదని డాక్టరమ్మ చెప్పింది. వెళ్లాం. ఆవిడ ముందు మమ్మల్నే పరీక్ష చేసింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? మేడమెట్లకి తలుపుందా? పెద్ద కుక్కకి టీకాలెప్పుడు వేయించారు? ఉన్నట్టుండి మీకేమైనా అయితే ఇది ఎవరి దగ్గరుంటుంది? మొదట నాకు కోపం వచ్చింది. తరవాత అనుకున్నాను: దుకాణంలో ఇల్లా ఒక్క ప్రశ్న అడగలేదే!

గోడమీద రిజిస్ట్రేషను పత్రం ఉంది. తల్లి కుక్క ఇంట్లోనే, సోఫా మీద ఉంది. నేను చెయ్యి చాపితే వాసన చూసి నాకింది. తల్లి పిరికిదో, కరిచేదో అయితే పిల్లల్లోనూ ఆ గుణం ఉండొచ్చునట. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదైన కాగితాలు చూపించింది. "కాగితం వంశం చెబుతుందండీ, ఆరోగ్యం చెప్పదు. ఆరోగ్యం మీరే చూసుకోండి" అని పిల్లల్ని నేలమీద వదిలింది.

మూడు పిల్లలు. అప్పటికి ఎనిమిది వారాలు నిండి మూడు రోజులైంది. ఒకటి వచ్చీరాగానే నా పంచె పట్టుకుని లాగి, తోబుట్టువు చెవి కొరికి, గదంతా నాలుగు చుట్లు చుట్టింది. రెండోది కాసేపు దూరంగా నిలబడి చూసి, మెల్లిగా వచ్చి నా చెప్పు వాసన చూసింది. మూడోది అన్నిటికంటే చిన్నది, ఆడపిల్ల. తల్లి పక్కన కూచుని పెద్ద కళ్లతో మా ఆవిణ్ణి చూస్తూంది.

నేను భయపడినంతా అయింది. మా ఆవిడ చేతులు ఆ మూడోదాని వైపే వెళ్లాయి.

"అది అమ్మకానికి కాదండీ" అంది ఆ ఇల్లాలు. "దాని మాడు పూడలేదు. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి చూడండి."

మా ఆవిడ ఇద్దరు బిడ్డల తల్లి. మాడు అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. వేలు పెట్టి చూసి, చటుక్కున తీసేసుకుంది. ఈ జాతి పిల్లల్లో నడినెత్తిన ఎముక కలవని చోటు ఉండడం కద్దు. చిన్నదైతే చాలా కుక్కలు అల్లాగే హాయిగా బతుకుతాయి. పెద్దదిగా ఉంటే మాత్రం తలలో నీరు చేరే జబ్బు ఉండొచ్చు. చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమే. "దీన్ని నేనే పెంచుకుంటాను" అందావిడ. తన నష్టం తానే చెప్పుకున్న మనిషిని నేను నమ్మాను.

మిగిలిన రెండిట్లో నాకు రెండోది నచ్చింది. మరీ దుడుకైనది బుజ్జిని వేపుకుతింటుంది. మరీ మూల నక్కేది కొత్తచోట బెంగపెట్టుకుంటుంది. ఇది రెండూ కాదు. డాక్టరమ్మ రాసి ఇచ్చిన చీటీ తీసి వరసగా చూశాను. కళ్లల్లో పుసి లేదు, ముక్కు కారడం లేదు, చిగుళ్లు గులాబీరంగుగా ఉన్నాయి. చెవుల్లో నల్లటి మట్టి లేదు. పొట్ట పాలు తాగినంతే ఉంది గాని, నులిపురుగుల పొట్టలా ఉబ్బలేదు. బొడ్డు దగ్గర బుడిపె లేదు. ఒళ్లంతా తడిమితే పక్కటెముకలు చేతికి తెలుస్తున్నాయి, కంటికి కనపడ్డం లేదు. వెనకనుంచి చప్పట్లు కొడితే తిరిగి చూసింది. నడిపించి చూశాను. ఇల్లాంటి చిన్న జాతుల్లో మోకాటి చిప్ప పక్కకి జారడం మామూలు జబ్బు. వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ దించితే అనుమానించాలి. ఇది నాలుగు కాళ్లూ సమంగా వేసింది. అది పెట్టిన మలం కూడా చూశాను, గట్టిగానే ఉంది. "ఇంత పరీక్ష మా పెళ్లిచూపుల్లో కూడా జరగలేదు" అంది మా ఆవిడ. ఆరు నెలల తరవాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఆ రోజు తీసుకుపోతామంటే ఆవిడ ఇవ్వలేదు. "చిన్న జాతి. పన్నెండు వారాలు రానివ్వండి. తల్లి దగ్గర, తోడువాళ్ల దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పో నేర్చుకుంటుంది" అంది. బుజ్జి పడుకునే గుడ్డ ఒకటి ఆవిడకి ఇచ్చాం, పిల్లల గుడ్డ ఒకటి మేం తెచ్చుకున్నాం. వాసన ముందు పరిచయమైతే మంచిదట. బుజ్జి ఆ గుడ్డని రెండు రోజులు చూడనట్టు నటించి, మూడోనాడు నోట కరుచుకుని మంచం కిందికి పట్టుకుపోయింది.

రెండో టీకా అయిన మూడోనాడు వెళ్లి తెచ్చుకున్నాం. డాక్టరు పరీక్షలో బాగుంటేనే బేరం ఖాయమని ముందే కాగితం మీద రాసుకున్నాం గనక, ఇంటికి కాకుండా తిన్నగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాం. గుండె విన్నది, మోకాళ్లు తిప్పి చూసింది, మాడు తడిమింది. తొమ్మిదివందల గ్రాములు తూగింది. "బాగున్నాడు మాస్టారూ" అంది. ఆ అమ్మాయి చేత మంచి మార్కులు వేయించుకున్నట్టయింది నాకు.

"పేరేమిటమ్మా?" అనడిగాడు కార్డు రాసే కుర్రాడు.

"ఇప్పుడే వద్దు" అంది మా ఆవిడ. "పదహారు వారాలు నిండనీ."

ఎందుకో నాకు తెలుసు. నేనేమీ అనలేదు.

కొత్త కుక్కని పాతదాని ఇంట్లోకి తిన్నగా తీసుకురాకూడదట. ఎవరిదీ కాని చోట కలపాలి. టీకాలు పూర్తికాని పిల్లని వీధిలో దించరాదు. అంచేత ప్లీడరుగారి డాబా అడిగాం. అక్కడికి కుక్కలెప్పుడూ ఎక్కలేదు. బుజ్జిని నేను వదులు గొలుసుతో పట్టుకున్నాను. పిల్లకి మా ఆవిడ ఛాతీపట్టీ కట్టింది. ఇల్లాంటి చిన్నవాటికి మెడపట్టీ కట్టి లాగితే గాలిగొట్టం నలుగుతుంది. బుజ్జి వచ్చి వాసన చూసింది. పిల్ల తోక ఊపింది. బుజ్జి గుర్రుమని, వెళ్లి ట్యాంకు నీడలో పడుకుంది. అదీ మా మహా సమావేశం!

పది రోజులు అల్లాగే జరిగింది. గిన్నెలు వేరు, పక్కలు వేరు. ముందు బుజ్జికే అన్నం, ముందు బుజ్జికే పలకరింపు. పిల్ల దగ్గరికి వస్తే గుర్రుమనేది. మా ఆవిడ కేకలెయ్యబోతే నేను ఆపేవాణ్ణి. గుర్రుమనడం కుక్క మాట. ఆ మాట మాన్పిస్తే అది చెప్పకుండా కరుస్తుంది. ఒంటరిగా మాత్రం రెండిటినీ ఒక గదిలో వదల్లేదు. తొమ్మిది కిలోలది ఆటకి కాలు వేసినా, కిలో లేనిదానికి ఎముక విరుగుతుంది.

నాలుగోనాటి తెల్లవారుఝామున మళ్లీ ప్రాణం మీదికొచ్చింది. పిల్ల లేవబోయి తూలి పడింది. కళ్లు తేలేసింది. ముందురాత్రి అది సరిగా తినలేదు. నేను నిద్రమత్తులో గమనించలేదు. ఇంతలేసి పిల్లలకి ఒంట్లో చక్కెర నిలవ ఉండదు. పగలంతా నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. రాత్రి పూట ఖాళీ కడుపుతో పడుకోనివ్వకూడదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఆవిడ మాట్లాడకుండా తేనె సీసా తీసి, వేలితో చిగుళ్లకి రాసింది. స్పృహ లేనప్పుడు గొంతులో పొయ్యకూడదని, రుద్దమని డాక్టరమ్మ చెప్పింది. గుడ్డలో వెచ్చగా చుట్టి ఆటోలో తీసుకెళ్తూంటే, దారిలోనే తల ఎత్తి ఆవిడ వేలు నాకింది. డాక్టరమ్మ చూసి, గండం గడిచిందంది. తిరిగి వస్తున్నప్పుడు మా ఆవిడ అంది: "పండుకి కూడా ఇల్లా చెప్పేవాళ్లుంటే..." మాట పూర్తిచెయ్యలేదు. ఏడు నెలల తరవాత ఆ పేరు మా యింట్లో వినపడ్డం అదే.

దీపావళి వచ్చింది. బుజ్జికి టపాకాయలంటే చచ్చే భయం. ఏటా రాజా, అదీ కలిసి మా మంచం కింద దూరేవి. రాజా గోడవైపు, బుజ్జి వాడి వీపుకి ఆనుకుని. ఈ ఏడు కిటికీలు మూసి, ఫాను పెద్దది చేసి, రేడియో పెట్టాను. తొమ్మిదింటికి వీధిలో లక్ష్మీబాంబు పేలింది. బుజ్జి ఒక్కతే మంచం కింద దూరింది. అది వణుకుతూంటే మంచం పట్టీ టకటకలాడింది. పిల్ల నా ఒళ్లో ఉంది. దించమని గింజుకుంది. దించాను. తిన్నగా మంచం కిందికి పోయింది.

నేను నేలమీద బోర్లా పడుకుని చూశాను. బుజ్జి గుర్రుమంది. పిల్ల ఆగింది. ఇంకో బాంబు పేలింది. పిల్ల గోడవైపు వెళ్లి, రాజా పడుకునే చోట, బుజ్జి ముందు కాళ్ల మధ్య చుట్ట చుట్టుకుని పడుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. బుజ్జి చాలాసేపు దాన్ని చూసింది. తరవాత గడ్డం దాని వీపుమీద ఆనించింది.

బాంబులు పేలుతూనే ఉన్నాయి. బుజ్జి వణుకుతూనే ఉంది. భయం పోయిందని నేను చెప్పను. మా ఆవిడ నా పక్కనే నేలమీద కూచుని, "ఏం కనిపిస్తోంది? ఏం కనిపిస్తోంది?" అని అడుగుతూంటే నాకు నోట మాట రాలేదు. ఆవిడే వంగి చూసుకుంది.

మర్నాడు బుజ్జి గిన్నె ఖాళీ చేసింది. అందులో సగం పిల్ల తిన్నదేమోనని నాకు అనుమానం. గిన్నెలు వేరన్న నియమాన్ని మేము తప్పలేదు. అవే తప్పాయి.

పదహారు వారాలు నిండిన రోజున మూడో టీకా, రేబిస్ టీకా వేయించాం. బుజ్జి కూడా వెంట వచ్చి, సూది గుచ్చుతూంటే బల్లమీద కాళ్లు పెట్టి నిలబడింది. కార్డు రాసే కుర్రాడు మళ్లీ కలం తీశాడు. పేరు చోట ఇంకా గీతే ఉంది.

మా ఆవిడ ఒక్క క్షణం బుజ్జివైపు చూసి, "మిరియం" అంది. "మిరియపుగింజంత ఉన్నాడు. ఘాటు కూడా ఉంది. రాయి నాయనా, మిరియం."

వాడు రాశాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, తారీఖులన్నీ మరోసారి సరిచూశాను.